పిన్ని చీరల గ్రూపు, టైలర్ ఆంటీ, నా ప్రాజెక్టు గోల

మా పిన్నిది గుంటూరులో చీరల బిజినెస్. షాపు గీపు ఏం లేదు, హాల్లో దివాన్ కాట్ మీద చీరలు, చేతిలో ఫోను, అంతే. 2020 లాక్‌డౌన్‌లో బాబాయ్‌కి సగం జీతమే వస్తున్నప్పుడు మంగళగిరిలో తెలిసిన మాస్టర్ వీవర్ దగ్గర పదిహేను కాటన్ చీరలు అప్పు మీద తెచ్చి, ఫోటోలు తీసి వాట్సాప్‌లో పెట్టింది, అవి నాలుగు రోజుల్లో అయిపోయాయి, మళ్ళీ తెచ్చింది, అలా అలా ఇప్పుడు గ్రూపులో నాలుగొందల పైచిలుకు మంది. పొద్దున పదకొండింటికి పిన్ని "నిజాం బోర్డర్, విత్ బ్లౌజ్, సింగిల్ పీసెస్" అని పెట్టడం ఆలస్యం, కింద "హోల్డ్", "నాకు హోల్డ్ అండి", "ఆ గ్రీన్ ఉందా" అని వరస కట్టేస్తారు. పార్శిల్ ఓపెనింగ్ వీడియో లేకపోతే డ్యామేజీకి రిటర్న్ లేదు అని రోజూ పెడుతుంది, రోజూ ఎవరో ఒకళ్ళు వీడియో తీయకుండా విప్పేసి ఫోన్ చేస్తారు.

నేనేమో హైదరాబాద్‌లో జాబ్ చేసుకుంటూ శని ఆదివారాలు డేటా అనలిటిక్స్ కోర్సు వెలగబెడుతున్నా. అందులో సోషల్ నెట్‌వర్క్ అనాలిసిస్ అని ఒక సబ్జెక్ట్. పేరు చూసి ఏ ఇన్‌స్టాగ్రామ్ యాడ్స్ గురించో చెప్తారు, ఈజీగా మార్కులు పడతాయి అనుకున్నా, ఎందుకంటే ఆర్కుట్ టైం నుంచి ఉన్నదాన్ని కదా, టెస్టిమోనియల్ రాయవే అని ఫ్రెండ్స్‌ని బతిమాలిన బ్యాచ్. తీరా మొదటి క్లాసులో ఫేస్‌బుక్ పేరే రాలేదు. సార్ మొదలుపెట్టిందే 1932లో, అమెరికాలో హడ్సన్ అనే ఊళ్ళో ఒక ఆడపిల్లల స్కూలు, అక్కణ్ణుంచి రెండు వారాల్లో 14 మంది పిల్లలు పారిపోయారట. ఎందుకు పారిపోయారో అర్థం కాక జేకబ్ మొరెనో అనే సైకియాట్రిస్టు ఏం చేశాడంటే ఒక్కో పిల్లకీ ఒక గుండ్రం గీసి, ఎవరికి ఎవరంటే ఇష్టమో అడిగి వాటి మధ్య గీతలు గీశాడు. గీసి చూస్తే, ఎవరు పారిపోయారన్నది ఆ పిల్ల మంచిదా చెడ్డదా అన్నదాని కంటే ఆ బొమ్మలో ఎక్కడ ఉంది, ఎవరికి కలిసి ఉంది అన్నదాన్ని బట్టి అర్థమవుతోంది అన్నాడు. కంప్యూటర్ లేదు, ఇంటర్నెట్ లేదు, సోషల్ నెట్‌వర్క్ మాత్రం అప్పటికే ఉంది. నాకు అక్కడే బుర్ర తిరిగింది.

ప్రాజెక్టుకి డేటా కావాలన్నారు. క్లాసులో చాలామంది నెట్‌లో రెడీగా దొరికే ట్విట్టర్ డేటా తెచ్చుకున్నారు. నాకు పిన్ని నోట్‌బుక్ గుర్తొచ్చింది. పిన్ని ఆర్డర్లన్నీ పొడుగు లెడ్జర్ పుస్తకంలో రాస్తుంది, పేరు, ఊరు, చీర, రేటు, చివరి కాలమ్‌లో "ఎవరి ద్వారా" అని. అంటే ఈ కస్టమర్ మన దగ్గరికి ఎవరు చెప్తే వచ్చింది అన్నమాట. కామర్స్ చదవలేదు, ఎవరూ నేర్పలేదు, అప్పులిచ్చేటప్పుడు ఎవరి పూచీ అని చూసుకునే అలవాటు మా అమ్మమ్మ నుంచి వచ్చింది, అదే రాసుకుంది. లక్షలు పోసి కంపెనీలు కొనుక్కునే సాఫ్ట్‌వేర్‌లో ఉండే కాలమ్ అది!

సంక్రాంతి సెలవుల్లో కూర్చుని మొత్తం ఎక్సెల్‌లోకి ఎక్కించి గెఫీ అనే సాఫ్ట్‌వేర్‌లో వేశా, ఫ్రీయే. ఒక్కో మనిషి ఒక చుక్క, ఎవరు ఎవరిని తెచ్చారో ఒక గీత, ఎక్కువమందిని తెచ్చినవాళ్ళకి పెద్ద చుక్క. పిన్ని వెనకాల నుంచి తొంగి చూసి "ఇదేంటే, ముగ్గు వేశాక పిల్లలు తొక్కేసినట్టుంది" అంది. నిజంగానే అలాగే ఉంది. కాసేపు చూశాక మాత్రం పిన్నే నాకంటే స్పీడుగా చదవడం మొదలెట్టింది, "ఈ గుంపు లలితా పారాయణం వాళ్ళు, ఇది అపార్ట్‌మెంటు, ఇది బాబాయ్ ఆఫీసు ఆడవాళ్ళు, ఈ చివర విడిగా ఉన్నది డల్లాస్ మా ఆడపడుచు బ్యాచ్".

ఇక అసలు సంగతి. పిన్ని దగ్గర ఎక్కువ కొనేది ఒక బ్యాంక్ మేడం, నలభైకి పైగా చీరలు కొంది, ఆవిడ తెచ్చిన కస్టమర్లు సున్నా. గ్రూపులో ఎక్కువ మాట్లాడేది అపార్ట్‌మెంట్ సెక్రటరీ గారి భార్య, ప్రతి చీర కింద "సూపర్ అండి" అని పెడుతుంది, ఆవిడ తెచ్చింది ఇద్దర్ని. అందరికంటే పెద్ద చుక్క ఎవరిదంటే అరండల్‌పేటలో జాకెట్లు కుట్టే ఆంటీది. ఆవిడ పిన్ని దగ్గర ఒక్క చీర కూడా కొనలేదు. ఆవిడ పేరు మీద 31 మంది!

ఆలోచిస్తే ఇందులో వింతేం లేదు. చీర కొన్నవాళ్ళు జాకెట్ కుట్టించుకోవాలి, ఫాల్, పికో చేయించుకోవాలి. ఆవిడ దగ్గరికి బ్రాడీపేట టీచర్లు వస్తారు, కొత్తపేట హాస్పిటల్స్‌లో నర్సులు వస్తారు, లక్ష్మీపురం నుంచి కార్లేసుకుని వస్తారు. వీళ్ళెవరికీ ఒకళ్ళకొకళ్ళు తెలీదు, అందరికీ ఆవిడ తెలుసు. హ్యాంగర్‌కి వేలాడుతున్న చీర చూసి ఇదెక్కడిది అని అడిగితే ఆవిడ చెప్తుంది, అంతే. ఫ్రెండ్ కాదు, చుట్టం కాదు, నెలకోసారి కనబడే మనిషి.

సరిగ్గా ఇదే 1973లో మార్క్ గ్రానోవెటర్ అనే సోషియాలజిస్టు రాశాడు. బోస్టన్ దగ్గర న్యూటన్ అనే ఊళ్ళో ఉద్యోగం మారినవాళ్ళని, మీకీ జాబ్ గురించి చెప్పిన మనిషిని మీరు ఎంత తరచుగా కలుస్తారు అని అడిగితే, తెలిసినవాళ్ళ ద్వారా జాబ్ దొరికిన వాళ్ళలో 16.7 శాతం మందే తరచూ కలుస్తామన్నారు, మిగతా అందరూ ఎప్పుడో అప్పుడప్పుడు అన్నారు. దగ్గరివాళ్ళకి మనకి తెలిసిందే తెలుస్తుంది, దూరపువాళ్ళకి మనకి తెలియనిది తెలుస్తుంది. సార్ ఇది చెప్పినప్పుడు నోట్స్ రాసుకున్నా గానీ టైలర్ ఆంటీ చుక్క చూసేదాకా నాకు ఎక్కలేదు.

పిన్నికి ఇది చెప్తే "దీనికి కంప్యూటర్ ఎందుకే, నన్నడిగితే చెప్పేదాన్నిగా" అంది. ఆవిడ అన్నది జోక్ కాదండోయ్. దీని మీద పెద్ద స్టడీనే ఉంది, తర్వాత 2019లో నోబెల్ తెచ్చుకున్న అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, వాళ్ళతో పాటు అరుణ్ చంద్రశేఖర్, మాథ్యూ జాక్సన్ చేసింది. హర్యానాలో 521 ఊళ్ళలో పిల్లల టీకాల క్యాంపు గురించి కబురు పంపాలి. కొన్ని ఊళ్ళలో ఎవరో ఒకళ్ళని లాటరీలా ఎంచుకుని వాళ్ళకి చెప్పారు. కొన్ని ఊళ్ళలో జనాన్నే అడిగారు, మీ ఊళ్ళో ఒక మాట ఊరంతా పాకాలంటే ఎవరి చెవిన వేయాలి అని, వాళ్ళు చెప్పిన మనుషులకి చెప్పారు. ఈ రెండో రకం ఊళ్ళలో నెలనెలా టీకా వేయించుకున్న పిల్లలు 22 శాతం ఎక్కువ. నెట్‌వర్క్ మ్యాపు గీయక్కర్లేదు, ఊరికి వాళ్ళ నెట్‌వర్క్ ముందే తెలుసు, అడిగితే చాలు. ఇంకోటేంటంటే జనం చెప్పిన పేర్లు ఊరి పెద్దమనుషులవో, ఎక్కువమంది ఫ్రెండ్స్ ఉన్నవాళ్ళవో మాత్రమే కాదట. మన ఊళ్ళలో అయితే ఈ ప్రశ్నకి జవాబు రెండు సెకన్లలో వస్తుంది, "ఆవిడ చెవిన పడిందా, ఇంక టాంటాం అక్కర్లేదు" అని ప్రతి వీధికీ ఒకరుంటారు కదా.

ఇది తెలిసేలోపు పిన్ని చేతులు కాల్చుకుంది లెండి. అంతకు ముందు దసరాకి ఎవరో చెప్పారని ఒక ఇన్‌స్టా పేజీ అమ్మాయికి ఎనిమిది వేలు, పైన ఒక చీర ఇచ్చి రీల్ చేయించింది. రీల్ బానే చేసింది పాపం, వ్యూస్ నలభై వేలు దాటాయి, కామెంట్లలో "ప్రైస్ ప్లీజ్" వందల్లో. ఆర్డర్లు మూడు. వాటిల్లో ఒకటి మా అత్తది. ఫాలోవర్లంటే వచ్చిపోయే జనం, రైల్వే స్టేషన్‌లో నిలబడి అరిచినట్టు, అందరికీ వినబడుతుంది, ఎవరి రైలు వాళ్ళది.

ఇక్కడిదాకా మార్కెటింగ్ కథ, హాయిగా ఉంది. రిపోర్టు కూడా ఇక్కడిదాకా రాసేశా. ఫిబ్రవరిలో ఒక రోజు మధ్యాహ్నం పిన్ని ఫోన్, గొంతు మామూలుగా లేదు. ఎవడో పిన్ని డీపీ పెట్టుకుని, పిన్ని పేరే పెట్టుకుని, కొత్త నంబర్ నుంచి గ్రూపులో వాళ్ళకి విడివిడిగా మెసేజ్‌లు పెడుతున్నాడు, "మేడం ఇది నా కొత్త నంబర్, పాతది పనిచేయట్లేదు, స్టాక్ క్లియరెన్స్, 3 చీరలు 1,999, ఈ క్యూఆర్‌కి పంపి స్క్రీన్‌షాట్ పెట్టండి". భాష కూడా పిన్ని భాషే, "అడ్వాన్స్ బుకింగ్ ఓన్లీ అండి" తో సహా. నలుగురు డబ్బులు పంపేశారు.

ఎలా జరిగిందంటే పిన్ని కస్టమర్లు పెరగాలని గ్రూపు ఇన్వైట్ లింకుని ఫేస్‌బుక్‌లో చీరల పేజీలన్నింట్లో పెట్టింది. ఎవరైనా నొక్కి లోపలికి రావచ్చు. మామూలు గ్రూపులోకి వచ్చాక మిగతా అందరి నంబర్లూ కనిపిస్తాయి. వాడు చేసిందల్లా లోపలికొచ్చి, వారం రోజులు పిన్ని ఎలా రాస్తుందో చూసి, నంబర్లు కాపీ చేసుకుని వెళ్ళిపోవడం. హ్యాకింగ్ కాదు ఏం కాదు, తలుపు తీసి పెట్టి రండి అన్నాం, వచ్చాడు. ఆ లింకు పెట్టమని సలహా ఇచ్చింది నేనే అని ఇక్కడ ఒప్పుకోవాలి.

సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే డబ్బు ఆపే ఛాన్స్ అంత ఎక్కువ అని చెప్పా, ఆ నలుగురూ చేశారు, ఒకావిడవి మాత్రం బ్యాంకులో ఆగాయి. పిన్ని గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది గానీ గ్రూపుని మ్యూట్‌లో పెట్టుకున్నవాళ్ళే సగం మంది. అప్పుడు పిన్ని నా బొమ్మా చూడలేదు, రిపోర్టూ చూడలేదు, నేరుగా టైలర్ ఆంటీకి ఫోన్ చేసింది. ఆంటీ కుట్టుమిషన్ ఆపి వరసగా ఫోన్లు అందుకుంది. గంటన్నరలో నర్సులకీ టీచర్లకీ అందరికీ తెలిసిపోయింది, సాయంత్రానికి డల్లాస్ నుంచి ఆడపడుచు ఫోన్ చేసి "వదినా నీ నంబర్ పోయిందటగా" అంది, అంటే కబురు కాస్త వంకర కూడా తిరిగింది అనుకోండి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. చీర అమ్మిన గీతలూ, కాపాడిన గీతలూ ఒకటే. మరి అబద్ధం కూడా వాటి మీదే కదా నడిచేది. 2018 గుర్తుందా, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని వాట్సాప్ వీడియోలు. ఆ జులైలో కర్ణాటకలో బీదర్ జిల్లా ముర్కి దగ్గర పిల్లలకి చాక్లెట్లు ఇచ్చిన పాపానికి హైదరాబాద్ కుర్రాణ్ణి, సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని, జనం కొట్టి చంపేశారు. ఆ వీడియోలు పంపినవాళ్ళెవరూ విలన్లు కాదు, ఎవరో మేనత్త, ఎవరో స్కూల్ టీచర్, జాగ్రత్తగా ఉండండి అని ప్రేమతోనే పంపారు. మనం మెసేజ్‌ని చూసి నమ్మం, పంపినవాళ్ళని చూసి నమ్ముతాం. అదే నెలలో ఇండియాలో ఫార్వర్డ్‌ని ఒకసారికి 5 చాట్‌లకే కట్టేశారు, 2020 ఏప్రిల్ నుంచి అప్పటికే బాగా తిరిగిన మెసేజ్ అయితే ఒకసారికి ఒక్క చాట్‌కే పోతుంది. మన జోగులాంబ గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి వేరే దారి పట్టారు, కానిస్టేబుళ్ళని ఊళ్ళకి పంపి, డప్పు కొట్టించి, పాటలు పాడించి, మనుషుల చేతే మనుషులకి చెప్పించారు. ఆవిడ కూడా టైలర్ ఆంటీ దారిలోనే వెళ్ళారని నాకు ఇప్పుడనిపిస్తుంది.

సరే, మార్చిలో ప్రజెంటేషన్. స్క్రీన్ మీద నా ముగ్గు, రంగురంగులుగా, పెద్ద చుక్కల పక్కన పేర్లు. కాన్ఫిడెన్స్ మామూలుగా లేదు. బ్యాంక్ మేడం చుక్క చూపించి, ఈవిడ హై వాల్యూ కస్టమర్, లో రిఫరల్, నలభైకి పైగా చీరలు అని దంచుతుంటే మూడో బెంచీలో ఒకబ్బాయి చెయ్యెత్తాడు. "ఎక్స్‌క్యూజ్ మీ, ఆవిడ మా అమ్మ."

క్లాసంతా ఒకటే నవ్వు. ఆ అబ్బాయి కూడా నవ్వాడు గానీ "నలభయ్యా?" అని మెల్లిగా అన్నాడు, ఆ అనడంలో నవ్వు లేదు. తర్వాత కారిడార్‌లో నాతో, వాళ్ళ నాన్నకి ఐదారు చీరలనే తెలుసని చెప్పాడు. హైదరాబాద్ క్లాసులో గుంటూరు బ్యాంక్ మేడం కొడుకు ఉంటాడని నేనెలా అనుకుంటాను? అనుకోవాలి, సబ్జెక్టే అది! 1960ల్లో స్టాన్లీ మిల్‌గ్రామ్ తన ఎక్స్‌పెరిమెంట్‌లో, బోస్టన్‌లో పనిచేసే ఒక స్టాక్‌బ్రోకర్‌కి ఒక కాగితాల ఫోల్డర్ చేరాలని, తెలిసినవాళ్ళ చేతుల మీదుగా మాత్రమే పంపమని 296 మందితో మొదలుపెట్టిస్తే, చేరిన 64 సగటున ఐదుగురి చేతులు మారి చేరాయి. చేరనివే ఎక్కువ అని ఎవరూ చెప్పరు, అది వేరే సంగతి. నాకైతే మధ్యలో ఒక్క చెయ్యి కూడా మారక్కర్లేకపోయింది, నేరుగా మూడో బెంచీ.

సార్ మార్కులు కట్ చేయలేదు, ఒక్క ప్రశ్న అడిగారు, "వీళ్ళలో ఎవరినైనా అడిగావా?" అని. అడగలేదు. పిన్నిని అడిగా, పుస్తకం పిన్నిది కదా అనుకున్నా. అప్పుడు సార్ బోర్డు మీద రెండు నంబర్లు రాశారు, 335, కింద 5,62,455. కేంబ్రిడ్జ్ అనలిటికా గొడవ, ఫేస్‌బుక్ వాళ్ళ డేటా ఎన్నికల ప్రచారాలు చేసే కంపెనీ చేతికి పోయిందని 2018లో బయటపడింది కదా, ఆ పర్సనాలిటీ క్విజ్ యాప్‌ని ఇండియాలో ఇన్‌స్టాల్ చేసుకున్నది 335 మంది. వాళ్ళ ఫ్రెండ్స్ లిస్టుల్లో ఉన్న పాపానికి డేటా పోయి ఉండొచ్చని ఫేస్‌బుక్కే చెప్పిన లెక్క, వాళ్ళతో కలిపి, 5,62,455 మంది. ప్రపంచం మొత్తం మీద 8.7 కోట్ల దాకా. ఒక్కళ్ళు సరే అంటే పదహారొందల మంది బయటపడ్డారన్నమాట. "మీ పిన్ని గారు ఆ 335లో ఒకరు" అన్నారు సార్. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

పేర్లు తీసేస్తా సార్ అన్నా. దానికీ సమాధానం ఉంది ఆయన దగ్గర. 2009లో అరవింద్ నారాయణన్, విటలీ ష్మాటికోవ్ అని ఇద్దరు, పేర్లన్నీ పీకేసిన ట్విట్టర్ నెట్‌వర్క్ తీసుకుని, ఫ్లికర్ అనే ఫోటోల సైట్‌లో ఉన్న నెట్‌వర్క్‌తో పక్కపక్కన పెట్టి, కేవలం గీతల ఆకారం చూసి, రెండింట్లోనూ అకౌంట్ ఉందని తేలినవాళ్ళలో మూడో వంతు మందిని పట్టేశారు, తప్పులు 12 శాతమే. పేరు లేకపోయినా మనం ఎవరెవరికి తెలుసు అన్నదే మన పేరు. మా టైలర్ ఆంటీ చుక్కకి పేరు తీసేసి చూడండి, అరండల్‌పేటలో ఎవరైనా గుర్తుపట్టేస్తారు.

చివరికి నేను చేసిందేంటంటే, గ్రూపులో అందరికీ విషయం చెప్పి మెసేజ్ పెట్టా, మీ చుక్క ఉంచమంటారా తీసేయమంటారా అని. ఎక్కువమందికి అసలు అర్థం కాలేదు, "ఈ డిజైన్ రేటెంత" అని అడిగినవాళ్ళు కూడా ఉన్నారు. పదిహేడు మంది తీసేయమన్నారు, బ్యాంక్ మేడం మొదటి మనిషి. తీసేశా. ముగ్గు ఒక పక్క వెలిసిపోయినట్టుంది. పిన్ని ఇన్వైట్ లింకు మార్చేసింది, గ్రూపుని కమ్యూనిటీకి మార్చి అనౌన్స్‌మెంట్స్ మాత్రమే పెడుతోంది, అక్కడ ఒకళ్ళ నంబర్ ఇంకొకళ్ళకి కనపడదు. "హోల్డ్, హోల్డ్" అని ఒకళ్ళని చూసి ఒకళ్ళు ఎగబడే సందడి పోయింది, సేల్స్ కాస్త తగ్గాయి కూడా.

టైలర్ ఆంటీ సంగతి చెప్పి ఆపేస్తా. 31 మందిని తెచ్చిందని తెలిశాక పిన్నికి మనసొప్పక, చీరకి యాభై కమిషన్ ఇస్తానని వెళ్ళింది. నేనూ పక్కనే ఉన్నా. ఆంటీ నోట్లో గుండుసూదులు తీసి పక్కన పెట్టి, "వద్దక్కా, రేపు నాకు డబ్బులొస్తన్నాయని తెలిస్తే నా మాట ఎవరింటారు" అంది. 2023 జనవరిలో సెంట్రల్ గవర్నమెంట్ ఇన్‌ఫ్లుయెన్సర్లకి రూల్స్ పెట్టింది, డబ్బే కాదు, ఫ్రీగా వస్తువు తీసుకున్నా చెప్పాలి, దాస్తే ఫైన్ 10 లక్షల దాకా, మళ్ళీ మళ్ళీ చేస్తే 50 లక్షల దాకా. అయినా 2025లో బెట్టింగ్ యాప్‌ల ప్రమోషన్ల మీద హైదరాబాద్‌లో ఎంతమంది మీద కేసులయ్యాయో చూశాం కదా. ఆంటీకి ఆ రూల్స్ ఉన్నాయని కూడా తెలీదు.

పిన్ని ఊరుకోదుగా, ఉగాదికి ఒక మస్టర్డ్ కలర్ మంగళగిరి పెట్టింది. ఆంటీ అది కట్టుకుని మిషన్ ముందు కూర్చుంటోంది, చీర బావుంది అన్న ప్రతి ఒక్కళ్ళతోనూ "నేను కొన్లేదమ్మా, చీరల అక్క ఊరికే పెట్టింది" అని చెప్తోందట. పిన్ని నిన్న ఫోన్ చేసి మస్టర్డ్‌లో ఇంక రెండే పీసులున్నాయి, నీకు హోల్డ్ చేయనా అని అడిగింది.